ఆస్తి పేపరే ముందు చదవాలి

నెల్లూరు జిల్లా మున్సిఫ్ కోర్టులో 1944 అక్టోబరులో ఒక వితంతువు మనోవర్తి దావా వేసింది. భర్త పోయి అప్పటికి పదమూడేళ్లు. ఆస్తి ఉమ్మడిది కావడంతో ఆయన వాటా సోదరుడికి దఖలు పడింది. ఆమెకు మిగిలింది తిండీ బట్టా అడిగే హక్కు మాత్రమే. డిక్రీ వచ్చింది. దాని అమలు దగ్గర 1949లో రాజీ కుదిరింది. కొంత ఆస్తిని ఆమె బతికినన్నాళ్లూ అనుభవించవచ్చు, అమ్ముకోకూడదు, ఆమె తదనంతరం అది మళ్లీ ఆ సోదరుడికే చేరాలి. అలా రాసుకున్న ఏడేళ్లకు హిందూ వారసత్వ చట్టం వచ్చింది. 1960, 61ల్లో ఆమె ఆ ఆస్తిలో కొంత కౌలుకిచ్చింది, కొంత అమ్మింది. అమ్మే హక్కు నీకెక్కడిదంటూ ఆయన దావాకు దిగాడు. ఆ తగాదా 1977 మార్చి 17న సుప్రీంకోర్టులో తేలింది. ఆమే గెలిచింది.

తులసమ్మ కేసుగా దేశమంతా చదువుకునే తీర్పు ఇది. 1956 చట్టంలోని 14వ సెక్షన్‌కు రెండు ముఖాలున్నాయి. హిందూ స్త్రీ స్వాధీనంలో ఉన్న ఆస్తికి ఆమె పూర్తి యజమాని అంటుంది మొదటి ఉపసెక్షన్. దానపత్రంతోనో వీలునామాతోనో డిక్రీతోనో పరిమిత హక్కు ఇచ్చి ఉంటే ఆ పరిమితే చెల్లుతుంది అంటుంది రెండోది. నెల్లూరు రాజీపత్రం చూడబోతే అచ్చంగా రెండో కోవలోది. అయినా సుప్రీంకోర్టు ఒక అడుగు వెనక్కి వెళ్లింది. వితంతువు మనోవర్తి ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, కుటుంబ ఆస్తి మీద ఆమెకు ముందునుంచీ ఉన్న హక్కు. రాజీపత్రం ఆ హక్కును గుర్తించిందే తప్ప కొత్తగా ఇచ్చిందేమీ లేదు. కనుక మొదటి ఉపసెక్షనే వర్తిస్తుందని తేల్చింది. ఆ తర్వాతి బెంచీలు ఈ గీతను అటూ ఇటూ జరుపుతూ వచ్చాయి. చివరికి 2024 డిసెంబరులో సుప్రీంకోర్టే ఈ గందరగోళాన్ని తేల్చమని విస్తృత ధర్మాసనానికి నివేదించింది.

ఈ కేసు పేరు వినని న్యాయ విద్యార్థి ఉండడు. అయితే వినేది రెండో పేపర్లో. చాలా విశ్వవిద్యాలయాల్లో కుటుంబ చట్టం రెండు పేపర్లు. మొదటి దాంట్లో పెళ్లి, విడాకులు, మనోవర్తి, దత్తత, పిల్లల సంరక్షణ. రెండో దాంట్లో ఉమ్మడి కుటుంబం, పంపకాలు, వారసత్వం, వీలునామా. మొదటి పేపర్లో విద్యార్థికి మనుషులు కనిపిస్తారు. రెండో పేపర్‌కు వచ్చేసరికి మనుషులు మాయమై భిన్నాలు మిగులుతాయి. తండ్రికి ఇద్దరు కొడుకులు, ఒక కూతురు, ముందే చనిపోయిన కొడుకు భార్య ఉంటే ఎవరికెంత? నాలుగో వంతా, పన్నెండో వంతా? లెక్క సరిపోతే మార్కులు పడతాయి. ఈ వరసే తిరగబడాలని నా వాదన. చట్టం మన ఇంట్లోకి వచ్చేది ఎక్కువగా ఆస్తి గుమ్మంలోంచే. మొగుడూ పెళ్లాల మధ్య ప్రేమనూ అత్తాకోడళ్ల మధ్య మాటనూ అది శాసించలేదు. శాసించబోయిన చోట కూడా చివరికి ఆస్తి పత్రాన్నే పట్టుకుంటుంది.

చిన్న పక్కమాట. పదమూడో శతాబ్దంలో కేతన కవి మితాక్షరను తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన వ్యాఖ్య అది. తెలుగువాళ్ల ఉమ్మడి కుటుంబ న్యాయమంతా దాన్నుంచి వచ్చిందే. తెలుగులో ధర్మశాస్త్రం చదువుకునే వీలు అప్పుడే ఉండేదన్నమాట. ఇప్పుడు అదే మితాక్షర సూత్రాలను మన విద్యార్థులు ఇంగ్లిషు పాఠ్యపుస్తకాల్లో బట్టీ పట్టి, ఊళ్లో తాత అడిగిన ప్రశ్నకు తెలుగులో జవాబు చెప్పలేక నీళ్లు నములుతారు.

మితాక్షరలో అసలు కీలకం కొడుకుకు పుట్టుకతోనే వచ్చే వాటా. 1956 చట్టం చాలావాటిని మార్చినా దాని జోలికి పోలేదు. హిందూ కోడ్ బిల్లు పార్లమెంటులో నలిగిపోయిన తీరు, 1951లో అంబేడ్కర్ రాజీనామా తెలిసినవాళ్లకు ఇది వింతగా అనిపించదు. కేరళ 1970ల్లో ఉమ్మడి కుటుంబాన్నే రద్దు చేసి ఆ ముడి విప్పుకుంది. ఉమ్మడి కుటుంబాన్ని ఉంచుతూనే కూతురిని కూడా పుట్టుకతో వాటాదారును చేసిన మొదటి రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన ఆ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. వరకట్నాన్ని రూపుమాపడం కూడా తన ఉద్దేశమేనని ఆ చట్టం పీఠికలోనే చెప్పుకుంది. అంత గొప్ప మాట చెప్పి, ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లను బయటే నిలబెట్టింది. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరిలో ఆగస్టులో పెళ్లయిన అక్కకు పుట్టుకతో వచ్చే వాటా లేదు, మరుసటి ఏడాది పెళ్లయిన చెల్లెలికి అన్నతో సమానంగా ఉంది. అక్కకు కట్నంతో లెక్క తీరిపోయిందన్న ఊరి వాదనను కట్నం మీద యుద్ధం ప్రకటించిన చట్టమే ఒప్పేసుకున్నట్టయింది.

ఆ వివక్షను 2005 సెప్టెంబరు 9 నాటి కేంద్ర సవరణ తీసేసింది. పెళ్లయినా కాకపోయినా కూతురు కూతురే. ఆ రోజుకు తండ్రి బతికి ఉండాలా అన్న ప్రశ్న మీద మరో పదిహేనేళ్లు గడిచాయి. ఉండాలని 2015లో ఒక తీర్పు, ఆ మాటతో పొసగని ఫలితమిచ్చిన తీర్పు 2018లో మరొకటి. చివరికి 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం అక్కర్లేదని తేల్చింది. హక్కు పుట్టుకతో వచ్చినప్పుడు తండ్రి చావుతో దానికి పనేమిటన్నది అందులోని తర్కం. పల్లెల్లో పెద్దగా ఎవరూ పట్టించుకోని ముక్క ఒకటి ఆ తీర్పులోనే ఉంది. ఎప్పుడో పెద్దల ముందు నోటిమాటగా పంచుకున్నామంటే మామూలుగా చెల్లదు, దానికి ప్రభుత్వ రికార్డుల దన్ను ఉండాలి. కూతుళ్లు దావా వేయగానే పాతకాలపు పంపకం ఒకటి హఠాత్తుగా గుర్తుకొచ్చే అన్నదమ్ములకు ఇది గట్టి దెబ్బ.

కాగితం మీద ఇంత జరిగింది కదా, పొలాలు ఆడపిల్లల పేర్ల మీదికి మారాయా? సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ముందు కూర్చునే దస్తావేజు లేఖరిని అడిగితే జవాబు దొరుకుతుంది. 2005 తర్వాత అన్నదమ్ములకు అక్కచెల్లెళ్ల సంతకాలు తప్పనిసరయ్యాయి. కొనేవాడి వకీలు కూతుళ్ల సంతకం లేనిదే దస్తావేజు ముట్టుకోనంటాడు. దాంతో హక్కు విడుదల పత్రాలు మొదలయ్యాయి. పండక్కో పబ్బానికో వచ్చిన ఆడబిడ్డకు చీర పెట్టి, భోజనం పెట్టి, తిరుగు ప్రయాణానికి ముందు ఆఫీసుకు తీసుకెళ్లి వేలిముద్ర వేయిస్తారు. ఆమె ఎందుకు వేస్తుంది? పుట్టింటి గడప తొక్కే దారి మూసుకుపోతుందని. రేపు భర్తతో పొరపొచ్చం వస్తే ఆదుకునే అన్న ఒక్కడైనా మిగలాలని. చట్టం ఇచ్చిన వాటాను ఆమె ఒక రకం బీమా ప్రీమియంగా కట్టేస్తోంది. ఇందులో బలవంతం ఎంత, ప్రేమ ఎంత అన్నది ఏ సెక్షన్‌తోనూ తూచలేం. కానీ ఈ బేరాన్ని అర్థం చేసుకోకుండా కుటుంబ చట్టం చదివామనుకుంటే అది సగం చదువే.

కట్నం సంగతీ అంతే. 1961 కేంద్ర చట్టం కంటే ముందే, 1958లో ఆంధ్రప్రదేశ్ సొంతంగా వరకట్న నిషేధ చట్టం చేసుకుంది. కేంద్ర చట్టంలోని 6వ సెక్షన్ సంగతి పెళ్లి మాటలు మాట్లాడుకునే ఏ ఇంట్లోనూ వినిపించదు. కట్నంగా ఎవరేం పుచ్చుకున్నా గడువులోగా దాన్ని పెళ్లికూతురికి అప్పజెప్పాలి, అప్పటిదాకా అది ఆమె తరఫున వాళ్ల దగ్గరున్న సొమ్ము మాత్రమే అంటుంది ఆ సెక్షన్. నేరం గురించి అందరికీ తెలుసు, జైలు గురించి అందరికీ తెలుసు. ఆ డబ్బు చట్టప్రకారం పెళ్లికూతురిదేనన్నది మాత్రం ఆ పిల్లకే తెలియదు.

ఆస్తితో నిమిత్తం లేకుండా నేరుగా మనుషులను శాసించబోతే చట్టం ఎంత చిక్కుల్లో పడుతుందో చూపే కేసు కూడా తెలుగు నేల మీదే పుట్టింది. హిందూ వివాహ చట్టంలోని 9వ సెక్షన్ దాంపత్య హక్కుల పునరుద్ధరణ గురించి చెబుతుంది. కారణం లేకుండా విడిగా ఉంటున్న భార్యనో భర్తనో తిరిగి కాపురానికి రమ్మని కోర్టు డిక్రీ ఇవ్వవచ్చు. హైస్కూలు చదివే వయసులో పెళ్లయి, వెంటనే విడిపోయి, ఆ తర్వాత సినీనటిగా పేరు తెచ్చుకున్న సరిత మీద భర్త కడప సబ్‌కోర్టులో ఈ పిటిషన్ వేశాడు. వ్యవహారం హైకోర్టుకు చేరింది. 1983లో జస్టిస్ పి.ఎ. చౌదరి ఆ సెక్షన్‌నే కొట్టేశారు. ఇష్టంలేని స్త్రీని కాపురానికి పంపడమంటే ఆమె దేహం మీదా మాతృత్వం మీదా నిర్ణయాన్ని రాజ్యం లాక్కోవడమేనని, అది 21వ అధికరణం హామీ ఇచ్చిన జీవితం కాదని ఆయన తర్కం. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది ధర్మాసనం చెప్పడానికి ఇంకా 34 ఏళ్లు ఉంది. చౌదరి తీర్పు వచ్చిన మరుసటి ఏడాదే సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. ఈ సెక్షన్‌ను సవాలు చేసిన మరో పిటిషన్ 2019లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది.

సరోజ్ రాణి తీర్పు ఆ సెక్షన్‌ను కాపాడిన దారి గమనించండి. డిక్రీని ధిక్కరిస్తే కోర్టు ఎవరినీ చేయిపట్టి లాక్కెళ్లదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం ఆస్తి జప్తు చేయగలదు, అంతే. అంటే మనిషిని ఇంటికి రప్పించడానికి చట్టం దగ్గరున్న చివరి ఆయుధం కూడా ఆస్తే. ఆస్తి లేనివాళ్ల విషయంలో ఆ డిక్రీ ఉత్త కాగితం. ఆచరణలో దాన్ని వాడుకునేది రెండు పనులకు. ఏడాదిపాటు కాపురం కుదరకపోతే విడాకులకు అదే కారణమవుతుంది, లేదంటే భార్య మనోవర్తి అడిగినప్పుడు రమ్మన్నా రాలేదని చూపడానికి పనికొస్తుంది. ఈ రెండో ఎత్తుకు 2025 జనవరిలో సుప్రీంకోర్టు అడ్డుకట్ట వేసింది. ఆ డిక్రీని పాటించనంత మాత్రాన మనోవర్తి హక్కు పోదంది.

పెళ్లిలో ఎవరు ఎవరికి ఏమవుతారన్న వరసల విషయంలో మాత్రం చట్టం మన ఆచారాలకు తలవంచింది. హిందూ వివాహ చట్టం రాసిన నిషిద్ధ బంధుత్వాల జాబితాలో మేనమామ మేనకోడలు, అన్నాచెల్లెళ్ల పిల్లలు కూడా ఉన్నారు. ఆచారం అనుమతిస్తే తప్ప అన్న మినహాయింపు ఒక్కటే మన మేనరికాలన్నింటినీ నిలబెట్టింది. మేనరికం ఎందుకు బతికిందో తెలియాలన్నా మళ్లీ పొలం గట్టు దగ్గరికే వెళ్లాలి. భూమి బయటి ఇంటికి పోకుండా ఉండటం దాని కారణాల్లో ఒకటి. ఇల్లరికం సంగతి ఇంకా తేటతెల్లం. రెడ్డి, కమ్మ కుటుంబాల్లో ఇల్లరికపుటల్లుడికి మామ ఆస్తిలో కొడుకుతో సమాన హక్కు ఉండే ఆచారాన్ని పాత మద్రాసు హైకోర్టు గుర్తించింది. పైగా దత్తపుత్రుడిలా అతడు కన్నవారింటి వాటా వదులుకోనక్కర్లేదు. ఏ స్మృతిలోనూ లేని ఈ బంధాన్ని సృష్టించింది మగదిక్కు లేని ఇంటి సేద్యం. ఇది విద్యార్థికి చెప్పాల్సింది మొదటి వారంలో, ఉమ్మడి కుటుంబం గురించి చెప్పడానికి ముందు.

1956 నాటి చట్టకర్తలు ఊహించని స్త్రీ ఒకామె ఇప్పుడు ప్రతి వీధిలో ఉంది. ఉద్యోగం చేసి సొంతంగా ఇల్లు కొన్న స్త్రీ. ఆమె వీలునామా రాయకుండా పోతే ఆస్తి ఎవరికి? 15వ సెక్షన్ ప్రకారం మొదట పిల్లలకూ భర్తకూ. వాళ్లు లేకపోతే భర్త వారసులకు. కన్న తల్లిదండ్రులది ఆ తర్వాతి వరస. తల్లిదండ్రుల నుంచి వచ్చిన ఆస్తి మాత్రం పిల్లలు లేకపోతే తండ్రి వైపు వెళుతుంది. స్వార్జితం గురించి ఆ మినహాయింపు లేదు. స్త్రీకి స్వార్జితం ఉంటుందన్న ఆలోచనే అప్పటివాళ్లకు లేకపోయిందేమో. దీని ఫలితం 2009లో ఓంప్రకాశ్ కేసులో బయటపడింది. పెళ్లయిన మూడు నెలలకే భర్త పోతే అత్తింటివారు ఒకామెను వెళ్లగొట్టారు. పుట్టింటివారు చదివించారు. ఆమె ఉద్యోగం చేసి సంపాదించుకుంది. 1996లో వీలునామా లేకుండా చనిపోయింది. ఆ సంపాదన తల్లికి దక్కలేదు, భర్త అక్కచెల్లెళ్ల కొడుకులకు దక్కింది. సానుభూతితో చట్టాన్ని మార్చి చదవలేమంది సుప్రీంకోర్టు. కోర్టు మాట సరే, పార్లమెంటు ఇన్నేళ్లుగా ఆ సెక్షన్ అలాగే ఉంచడానికి నాకైతే ఏ సాకూ కనిపించదు. హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో పనిచేసే పెళ్లయిన ఆడపిల్లల్లో వీలునామా రాసినవాళ్లు ఎంతమంది ఉంటారు?

సముద్రాలు దాటిన తెలుగు కుటుంబాలది ఇంకో చిక్కు. ఈ విషయంలో దేశమంతటికీ దారి చూపిన తీర్పు కూడా తెలుగువాళ్లదే. 1975లో తిరుపతిలో పెళ్లి చేసుకున్న దంపతుల్లో భర్త అమెరికాలోని మిస్సోరి రాష్ట్ర కోర్టు నుంచి విడాకులు తెచ్చుకుని, 1981లో యాదగిరిగుట్టలో మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య ద్విభార్యత్వం కేసు పెట్టింది. వై. నరసింహారావు కేసుగా పేరుపడ్డ ఈ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1991లో చెప్పిందేమంటే, ఏ చట్టం కింద పెళ్లయిందో ఆ చట్టం ఒప్పుకున్న కారణం మీదే విదేశీ విడాకులు ఇక్కడ చెల్లుతాయి, రెండో పక్షం అక్కడి కోర్టుకు ఇష్టపూర్వకంగా లోబడి ఉండాలి. పెళ్లి కోలుకోలేనంతగా విరిగిపోయిందన్నది అమెరికాలో మామూలు కారణం. హిందూ వివాహ చట్టంలో అది నేటికీ లేదు. 2023లో రాజ్యాంగ ధర్మాసనం 142వ అధికరణం కింద ఆ కారణంతో విడాకులిచ్చే అధికారం సుప్రీంకోర్టుకు ఉందని చెప్పింది, కింది కోర్టులకు మాత్రం లేదు. అందుకే డల్లాస్‌లో విడాకులైన దంపతులు కరీంనగర్‌లో ఇంకా మొగుడూ పెళ్లాలే అయి ఉండవచ్చు.

విడాకుల దగ్గర మన చట్టంలో ఉన్న పెద్ద ఖాళీ ఈ పోలికతోనే బయటపడుతుంది. అమెరికా రాష్ట్రాల్లో కాపురం చేసిన కాలంలో కూడబెట్టిన ఆస్తిని విడాకులప్పుడు ఇద్దరికీ పంచుతారు. పోర్చుగీసు సివిల్ కోడ్ వారసత్వంతో గోవాలో అలాంటి ఉమ్మడి ఉంది. మనకు లేదు. పెళ్లి సమయంలో ఇద్దరికీ కలిపి ఇచ్చిన కానుకల గురించి హిందూ వివాహ చట్టంలో ఒక చిన్న సెక్షన్ ఉంది, దాంతో సరి. ఇల్లు ఎవరి పేరున ఉంటే వారిదే. ఇరవై ఏళ్లు ఇల్లు నడిపిన ఇల్లాలికి మనోవర్తి వస్తుంది, వాటా రాదు. 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి కృష్ణన్ రామస్వామి ఇంటి చాకిరీ కూడా ఆస్తి కొనుగోలులో పెట్టుబడేనని గుర్తించి భార్యకు సగం వాటా ఇచ్చారు. అది ఒక న్యాయమూర్తి చూపిన చొరవ. శాసనం చేయాల్సిన పని.

ఉమ్మడి పౌరస్మృతి గురించి వాదులాడుకునేవాళ్లు ఈ ఆస్తి ప్రశ్నల దాకా వచ్చేది తక్కువ. వాదనంతా తలాక్ దగ్గరా బహుభార్యత్వం దగ్గరా ఆగిపోతుంది. ముస్లిం కూతురికి కొడుకు వాటాలో సగం మొదటినుంచీ ఖాయంగా ఉందనీ, హిందూ కూతురికి పుట్టుకతో సమాన వాటా దేశమంతటా వచ్చింది 2005లోననీ ఎవరూ పక్కపక్కన పెట్టి చూడరు. షెడ్యూల్డ్ తెగలకు హిందూ వారసత్వ చట్టమే వర్తించదు. ఆదిలాబాద్ గోండు ఆడపిల్లకూ పాడేరు ఏజెన్సీ ఆడపిల్లకూ ఈ సవరణలేవీ అందలేదు. 2025 జనవరి నుంచి అమలైన ఉత్తరాఖండ్ ఉమ్మడి స్మృతి కూడా తెగలను మినహాయించింది. ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ఒక గోండు కుటుంబం కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో, ఆడవాళ్లకు వాటా లేదన్న ఆచారాన్ని రుజువు చేయలేనప్పుడు సమానత్వమే వర్తిస్తుందని చెప్పింది. తెగల స్వయంప్రతిపత్తినీ ఆ ఆడపిల్లల హక్కునూ రెంటినీ కాపాడే దారి వెతకడం నినాదాలతో తేలే పని కాదు.

కుటుంబ కోర్టులు వేరుగా ఉండాలని 1950ల్లోనే పట్టుబట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ మన రాజమండ్రి ఆడబిడ్డ. 1984లో వచ్చిన కుటుంబ కోర్టుల చట్టం న్యాయవాదిని పెట్టుకోవడం కక్షిదారు హక్కు కాదంది, ముందు రాజీకి ప్రయత్నించాలంది. అక్కడ రాజీ అంటే చాలాసార్లు ఎంత ఇస్తారు, ఎప్పుడిస్తారు అన్న బేరమే. ఆ బేరానికి ఇప్పుడొక పనికొచ్చే పత్రం ఉంది. 2020 నవంబరులో రజనేశ్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు భార్యాభర్తలిద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు ప్రమాణపత్రంలో బయటపెట్టాలంది. మనోవర్తి పిటిషన్ వేసిన రోజు నుంచే లెక్కకు రావాలంది. కుటుంబ చట్టం మొదటి తరగతిలో సప్తపది గురించి చెప్పే బదులు ఈ నమూనా పత్రం విద్యార్థుల చేతికివ్వాలి. తమ సొంత ఇంటి వివరాలతో నింపుకుని రమ్మనాలి. ఇల్లు ఎవరి పేర ఉంది, బంగారం ఎవరి లాకర్లో ఉంది, అమ్మ పేరున ఏముంది, అత్త ఎప్పుడు ఎక్కడ సంతకం పెట్టింది. నింపడానికి ఇంట్లో అడగాల్సిన ఆ ప్రశ్నలకు అమ్మానాన్నలు ఏమంటారో రాసుకొస్తే రెండో తరగతి దాంతోనే నడుస్తుంది.